రెండు చుక్కల సాక్ష్యం

నేను ఒక సెలినిటీ మీటర్ని. పేరు చూసి కంగారు పడకండి. జానెడు పొడవు గొట్టాన్ని. ఒక చివర కన్ను ఆనించుకునే రబ్బరు దొప్ప, రెండో చివర ఏటవాలుగా కోసిన గాజుబిళ్ల, దాని మీద వాలే చిన్న మూత. గాజుబిళ్ల మీద రెండు చుక్కల నీళ్లు వేసి, మూత వాల్చి, వెలుగు వైపు తిప్పి చూస్తే లోపల సున్నా నుంచి వంద దాకా గీతలు కనిపిస్తాయి. పైన నీలం, కింద తెలుపు. ఆ రెండూ ఏ గీత దగ్గర కలిస్తే ఆ నీళ్లలో ఉప్పు అంత. మంచినీళ్లయితే సున్నా, సముద్రమైతే ముప్పై అయిదు. ఇదీ నా చదువు. ఇంత చిన్న చదువుతో ఇన్ని ఎకరాల్ని ఏలినవాణ్ణి గోదావరి డెల్టాలో నేనొక్కణ్ణేనని నా గట్టి నమ్మకం.

నన్ను తయారుచేసిన ఊరు సముద్రాలకి అవతల ఎక్కడో ఉంది. నా గాజుబిళ్లని అరగదీసిన మనిషి జన్మలో రొయ్యల చెరువు చూసి ఉండడు. పెట్టె మీద రాసిన భాష ఇక్కడ ఎవరికీ రాదు, నాకూ రాదు. అయినా భీమవరంలో పెట్టె విప్పిన మరుక్షణం నుంచి నన్ను శంకించినవాడు లేడు. మనుషులు మనిషి మాట నమ్మడానికి వంద సాక్ష్యాలు అడుగుతారు. అంకెకి మాత్రం ఆ పరీక్ష పెట్టరు.

నా మొదటి యజమాని యెర్రంశెట్టి భద్రం, రొయ్యల మేత దుకాణంలో టెక్నీషియను. కాలేజీలో చదివింది మొక్కల శాస్త్రం, అదీ రెండు దండయాత్రల తర్వాత గట్టెక్కింది. అయినా చెరువు గట్టు మీద కాలు పెట్టగానే రైతులు ‘డాక్టరు గారొచ్చారు’ అంటూ కుర్చీ వేసేవారు. ఆయన నన్ను కంటికి ఆనించి, అవసరమైన దానికంటే రెట్టింపు సేపు చూసి, “ఊఁ” అనేవాడు. ఆ ‘ఊఁ’ ఏ రకం ‘ఊఁ’నో తెలిసేదాకా రైతుకి ఊపిరాడేది కాదు. అంకె నాది, పేరు ఆయనది.

ఇక్కడి మనుషుల సంగతి ఒకటి చెప్పాలి. వీళ్ల తాతలకి ఉప్పునీళ్లంటే వణుకు. పోటు రోజుల్లో సముద్రం కాలవలోకి ఎగదన్నితే వరిచేలు మాడిపోతాయని గట్లు వేసుకుని, తూములు బిగించుకుని కాపలా కాసేవారు. మనవలు ఆ చేలనే తవ్వి చెరువులు చేసి, ఉప్పు చాలట్లేదని మొత్తుకుంటున్నారు. వనామి రొయ్యకి ఉప్పు కావాలి మరి. తాతలు చూస్తే ఏమనేవారో గానీ, వాళ్లు లేకపోవడం నా ఉద్యోగానికి మంచిదయింది.

భద్రం కొంతకాలానికి మీట నొక్కితే అంకె చూపించే కొత్త యంత్రం కొనుక్కుని, నన్ను నల్లగరువులో గుబ్బల సత్యవేణికి వదిలేశాడు. ఆమె నలభై దాటిన మనిషి. భర్త లారీ మీద ఒడిశా, బెంగాలు తిరుగుతూ నెలకోసారి దిగి, చెరువు వైపు ఒక చూపు చూసి “బాగానే ఉందే” అని వెళ్లిపోయేవాడు. చెరువు ఎకరంన్నర. తల్లి వాటా కింద వచ్చిన వరిచేను. పండే నేలని తవ్వి పాడుచేస్తోందని అన్నదమ్ములు ఆమెతో ఏడాది మాట్లాడలేదు. చెరువు దెబ్బతింటే బతుకుతెరువు పోతుంది, అది ఒకటి. ‘మేం చెప్పలేదా’ అంటూ వాళ్లు గట్టు మీదకొచ్చి నిలబడతారు, అది రెండోది. రెండోదానికే ఆమె ఎక్కువ భయపడేది.

ఆమె నన్ను వాడినంత మర్యాదగా ఎవరూ వాడలేదు. చూశాక మంచినీళ్లతో కడిగి, పాత నూలు చీర ముక్కతో తుడిచి, పెట్టెలో పడుకోబెట్టేది.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. పన్నెండు రోజుల ముసురు. రోజూ పొద్దున్నే నాలోకి చూసేది. ఆరు, అయిదు, మూడు, చివరికి రెండు. రొయ్యకి అప్పటికి అరవై రోజులు. మేత పళ్లెం పైకి లాగి, ఒక రొయ్యని వేళ్ల మధ్య పట్టుకుని నొక్కింది. పైపెంకు మెత్తగా లోపలికి పోయింది.

“ఓర్నాయనో, పెంకు కట్టట్లేదు డాక్టరు గారండీ” అని భద్రానికి ఫోను చేసింది. “మూటల్లెక్కన ఉప్పేసినా అంకె కదలట్లేదు. సముద్రం చూస్తే ముప్పై మైళ్లవతలాయె.”

“ఎవరన్నారండీ?” అన్నాడు భద్రం. “సముద్రం మీకు నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉందండి. కాపోతే మూడు కిలోమీటర్ల లోతులో ఉంది.”

ఆయన చెప్పింది గ్యాసు కంపెనీ గురించి. పక్క ఊరి సరుగుడు తోటలో కంచె వేసి, ఏడాదిగా ప్రయోగం బావి తవ్వుతున్నారు. నేల అట్టడుగున పలకలు పలకలుగా ఉండే షేల్ రాయిలో గ్యాసు ఇరుక్కుని ఉంటుందట. అది తనంతట తాను రాదు. లక్షల లీటర్ల మంచినీళ్లలో ఇసుక, జిగురు, ఇంకా పేర్లు నోరు తిరగని మందులు కలిపి, రాయి పగిలేటంత ఒత్తిడితో కిందికి కొట్టాలి. రాయి పగిలాక గ్యాసు పైకొస్తుంది. దాని వెనకే కొట్టిన నీళ్లలో కొన్ని తిరిగొస్తాయి, ఏ యుగంలోనో రాతిలో ఇంకిన ఉప్పుని, ఇంకా ఏమేమిటో వెంటేసుకుని. రాయి పగలగొట్టేముందు కాలవ నుంచి నీళ్లు తోడుకోవడానికి కంపెనీకి అనుమతి సులువుగానే వచ్చింది. తిరిగొచ్చిన నీళ్లు ఎక్కడ పెట్టాలన్నదే ఎవరూ తేల్చలేదు. శుద్ధిచేసే యంత్రం వస్తోంది, వస్తోంది అంటున్నారు. ఈలోగా నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచిన పెద్ద గుంటలో నింపారు. ముసురు పట్టాక గుంట అంచుకి జానెడే మిగిలింది.

ఆ గుంటకి కాపలాదారు ఓబులేసు. అనంతపురం వైపు నుంచి వచ్చిన చిన్న ఇంజనీరు. కంపెనీలో ఆయన్ని నీళ్ల ఆఫీసరు అంటారు. బిందెడు నీళ్ల కోసం మైళ్లు నడిచిన తల్లికి పుట్టిన కొడుకు, నీళ్లు ఎలా వదిలించుకోవాలో తెలియక నిద్ర మానేశాడు. దేవుడికి హాస్యం లేదనేవాళ్లు ఓబులేసుని చూడలేదు.

సత్యవేణి నన్ను పట్టుకుని గుంట దగ్గరికెళ్లింది.

“మా ఊర్లో కొళాయి కాడ బిందెలు బారుగా పెట్టి, పొద్దు గుంకేదాకా కాచుకుంటామక్కా” అన్నాడు ఓబులేసు. “ఈడ చూడు, నాకు వద్దురా సామీ అంటాంటే నీళ్లు మీదికొస్తాండాయి.”

“ఉప్పెంతుందో చూడనా బాబూ?”

“చూడక్కా. ఉప్పు మాత్రం దండిగా ఉంటాది.”

గాజుబిళ్ల మీద రెండు చుక్కలు పడ్డాయి. నీలం తెరలా కిందికి దిగి తొంభై దగ్గర ఆగింది. సముద్రానికి రెండింతలకు పైన. నా జీవితంలో అంత పెద్ద అంకె చెప్పడం అదే మొదలు. గర్వపడ్డాననే ఒప్పుకుంటాను. సత్యవేణి ముఖం విప్పారింది. ఆమె ముఖం చూసి ఓబులేసు ముఖం విప్పారింది. రొట్టె విరిగి నేతిలో పడింది. ఒకరికి వదిలించుకోవాలి, ఒకరికి దొరకబుచ్చుకోవాలి. ఇద్దరికీ మధ్యవర్తిని నేను.

“వేరే ఏమైనా కలుస్తదా ఇందులో?” అని ఆమె అడక్కపోలేదు.

“మందులు కలుపుతారక్కా. ఏమేమో నాకూ సరిగ్గా తెలీదు. కంపెనీ గుట్టంట, మాకూ చెప్పరు” అన్నాడాయన. అబద్ధం చెప్పలేదు. ఆమె మళ్లీ నాలోకి చూసింది. తొంభై.

సత్యవేణి గుడ్డిగా దిగిందనకండి. కొత్త నీళ్లు చెరువులోకి వదిలేముందు ఇక్కడివాళ్లు చేసే పరీక్ష ఆమె చేసింది. తొట్టిలో తొమ్మిది పాళ్లు చెరువు నీళ్లు, ఒక పాలు గుంట నీళ్లు కలిపి, పది రొయ్యల్ని వేసి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచింది. తెల్లారి లెక్కపెడితే పదీ ఉన్నాయి. మీసాలు ఊపుతూ హుషారుగా తిరుగుతున్నాయి. “బతికాయండోయ్” అని గట్టు మీద ఒక్కతే కేకేసింది. ఒక్కరోజు బతికితే ఎప్పటికీ బాగుంటుందన్నది ఈ వ్యాపారంలో అందరూ ఒప్పుకున్న శాస్త్రం.

రోజుకి ఆరు టాంకర్ల చొప్పున పది రోజులు పోశారు. డబ్బులు అక్కర్లేదన్నారు. ఒక కాగితం మీద మాత్రం సంతకం పెట్టించుకున్నారు, ‘నా అవసరం కోసం నేనే అడిగి, పరీక్షించుకుని తీసుకున్నాను’ అని. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి సంతకం పెట్టింది. కంపెనీ తరఫున ఒకతను వచ్చి, ఆమె నన్ను కంటికి ఆనించుకుని నవ్వుతుండగా ఫొటో కూడా తీసుకున్నాడు. నేను కొంచెం నిటారుగానే నిలబడ్డాను.

రెండు పోయి పదయింది. వారంలో పెంకు గట్టిపడింది. రొయ్య ఎదిగింది, బరువు తూగింది. అన్నదమ్ముల్లో పెద్దవాడు సైకిలాపి, “ఏమే, బాగానే పెంచావే” అని కూడా అన్నాడు. ఆ ఒక్క మాటకి సత్యవేణి ఆ పూట రెండుసార్లు అన్నం తింది.

పట్టుబడికి మూడు రోజుల ముందు కొనేవాళ్ల మనిషి నమూనా కోసం వచ్చాడు. పది రొయ్యలు ఉడకబెట్టించాడు. ఒకటి విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకొకటి విరిచాడు. తర్వాత ఆమె వైపు చూడకుండా సంచీ సర్దుకున్నాడు.

“డీజిలు వాసనొస్తందమ్మా. తీసుకోలేం.”

“డీజిలేటండీ బాబూ! చెరువులో ఇంజనే లేదు, కరెంటు మోటార్లు.”

“మీరే చూడండి.”

ఆమె వాసన చూసింది. ముక్క కింద పెట్టేసింది. మరో ఇద్దరు కొనేవాళ్లొచ్చారు, వాళ్ల ముక్కులూ అదే మాట చెప్పాయి. తొంభై వేల రొయ్యలు బతికే ఉన్నాయి, బలిసే ఉన్నాయి, తినడానికే పనికిరావు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. గోతులు తీయించి, సున్నం వేసి పూడ్పించింది. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆమె ఏడుస్తూనే కూలీలకి టీ పోసింది. పెద్దన్న వచ్చి గట్టు మీద నిలబడ్డాడు, ఆమె భయపడినట్టే. కానీ అతనేమీ అనలేదు. అనకుండా నిలబడటం ఆమెకి ఇంకా కష్టమయింది.

సరే, రొయ్య పోయింది. నీళ్లు వదిలేసి, చెరువు ఎండగట్టి, మళ్లీ మొదలుపెడదామనుకుంది. తూము తలుపు మీద చెయ్యి వేసిందో లేదో, కింది వరి రైతులు కర్రలతో వచ్చారు. “ఆ నీళ్లు మా డ్రెయిన్లోకొస్తే ఊరుకోమమ్మా సత్యవేణీ, మంచిగా చెబుతున్నాం.” పక్క చెరువువాళ్లు తమ గట్టు మీద మట్టి పెంచుకున్నారు. ఎవరినీ తప్పు పట్టలేం.

మళ్లీ ఓబులేసు దగ్గరికి వెళ్లింది. “మీ నీళ్లు మీరు తీసుకుపోండి బాబూ.”

ఆయన గోటితో బల్ల గీకాడు. “రికార్డులో ఆ నీళ్లు వాడేసినట్టు రాసేసినారక్కా. వాడేసిన నీళ్లని వెనక్కి తీసుకొనేదానికి ఫారం లేదు. అడిగినా. నన్ను తిట్టినారు.” బల్ల మీంచి తలెత్తకుండానే, “నేనూ తొట్టిలో రొయ్యలు బతికినాయనే అనుకున్యా” అన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె తిడదామని వెళ్లింది, తిట్టలేక తిరిగొచ్చింది.

అలా కంపెనీ గుంటలోని తలనొప్పి సత్యవేణి చెరువులోకి మారింది. అడుగున ప్లాస్టిక్ పట్టా కూడా లేని చెరువులోకి. ఆ చెరువులో రొయ్య పెంచే వీల్లేదు, నీళ్లు వదిలే వీల్లేదు, ఎవరికీ ఇచ్చే వీల్లేదు. చెయ్యడానికి పని లేక ఆమె గట్టు మీద కూర్చుని నన్ను పెట్టి అదీ ఇదీ కొలుస్తుండేది. అన్నం గంజి, మజ్జిగ, కూల్‌డ్రింకు. ఏదో ఒకటి చూస్తుంటే కొంచెం తోచేది కాబోలు.

నెలలోపు రావులపాలెం రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు లేచాయి. ‘మా నీరు, మీ సిరి’. కంపెనీకి నీటిని తిరిగి వాడటంలో ఆదర్శమని ఏదో షీల్డు వచ్చిందట. ఫ్లెక్సీ నిండా సత్యవేణి, చేతిలో నేను. ఇద్దరం నవ్వుతున్నాం. నాకు అంత పెద్ద ముఖం ఉందని అప్పుడే తెలిసింది.

షీల్డొచ్చిన నీళ్లలో తప్పుండదని, రొయ్య పోయింది సత్యవేణి చేతగాకేనని ఊరు కూడా అనుకోవడం మొదలుపెట్టింది. కార్తీక మాసపు తుఫాను వానకి మళ్లీ చెరువుల్లో ఉప్పు పడిపోయింది. అప్పుడొచ్చాడు కడలి సూరిబాబు. గోదారి అవతలి రైతు, ముప్పై అయిదేళ్ల మనిషి, కంఠం పెద్దది. ఇక్కడ జరిగిందేదీ అతనికి తెలియదు. తెలిసిందల్లా ఫ్లెక్సీ.

“అక్కయ్యగారండీ, ఆ ఫొటో మీదే కదండీ? మా చెరువులో ఒకటికి పడిపోయిందండి. పెంకు కట్టట్లేదు. మీ చెరువులో నీళ్లు ఊరికే ఉన్నాయంట, ఓ నలభై టాంకర్లు తోడుకుంటానండి. మీకు పుణ్యం ఉంటది.”

అంటూనే చొరవగా నన్ను తీసుకుని, చెరువులో వేలు ముంచి రెండు చుక్కలు వేశాడు. “ఎనిమిది! అబ్బ, భలే ఉందండీ!”

సత్యవేణి చెరువు వైపు చూసింది. నలభై టాంకర్లు. చెరువు సగానికి సగం కాకపోయినా కొంత తగ్గుతుంది. ఈ రైతు అడుగుతున్నాడు, అతని వెనక ఇంకొకడు వస్తాడు. పండగనాటికి చెరువు ఖాళీ అవుతుంది. అవతలి ఒడ్డున ఏమైతే ఆమెకేం? అతనే అడిగాడు, అతనే కొలుచుకున్నాడు. కావాలంటే కాగితం మీద సంతకం కూడా పెడతాడు. ఆమె పెదవులు కదిలాయి, సరే అనబోతోందని నేను నిజంగా అనుకున్నాను.

“వద్దు తమ్ముడూ” అంది. “ఈ నీళ్లు మంచివి కావు. రొయ్యకి డీజిలు వాసన పట్టి నా పంటంతా పూడ్చుకున్నాను.”

“మీటరు ఎనిమిదంటంటే మీరు మంచివి కావంటారేటండీ?”

“మీటరుకి తెలీదు.”

సూరిబాబు ఆమెని కిందికీ పైకీ చూశాడు. “ఆయ్, అర్థమయిందండి. మీరొక్కరే బాగుపడాలి. కాసిని నీళ్లివ్వడానికి కూడా మనసు రాలేదంటే ఏమనుకోవాలండి?” అని బండెక్కి వెళ్లిపోయాడు. దారిలో టీ దుకాణం దగ్గర ఆగి, నీళ్లు దాచుకునే మనిషిని జీవితంలో మొదటిసారి చూశానని అందరికీ చెప్పి మరీ వెళ్లాడు. కంపెనీకి షీల్డు, సత్యవేణికి పిసినారి బిరుదు. మనుషుల న్యాయంలో తూకం ఎప్పుడూ ఇంత కచ్చితంగా ఉంటుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కంపెనీ టాంకరు ఆమె గట్టు పక్క రోడ్డు మీదికొచ్చింది. డ్రైవరు పక్కన సూరిబాబు. ఓబులేసు అతనితో “ఇంకోసారి ఆలోచన చేసుకోన్నా” అన్నాడట. అది తన తెలివిని శంకించడమనుకుని, ఇతను అప్పటికప్పుడే కాగితం మీద సంతకం గీకేశాడట.

“మీరివ్వకపోతే ఇచ్చేవాళ్లు లేరనుకున్నారాండీ?” అని తల బయటపెట్టి అరిచాడు.

సత్యవేణి తన మోపెడ్డుని రోడ్డుకి అడ్డంగా పెట్టి, దాని మీద కూర్చుంది. రోడ్డు సన్నం, అటూ ఇటూ చెరువులు. టాంకరు హారను మోగించింది. టీ దుకాణంలోవాళ్లంతా వచ్చారు. “తను ఇవ్వదు, ఇచ్చేవాళ్లని ఇవ్వనివ్వదు, ఇదేం బుద్ధమ్మా?” అన్నారు. “ఫ్లెక్సీలో నవ్వింది నువ్వు కాదా?” అన్నారు.

“నేనే” అంది సత్యవేణి. “అప్పుడు నాకూ తెలీదు.”

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. ఇప్పటిదాకా మీ దగ్గర కూడా దాచాను. నాకు ఉప్పంటే ఏమిటో తెలియదు. నాకు తెలిసింది వెలుగు వంగడం ఒక్కటే. నీళ్లలో ఏది కరిగినా వెలుగు వంగుతుంది, నేను మాత్రం దాన్ని ఉప్పనే చెబుతాను. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, అడగంది నేను చెప్పలేదు. గట్టు మీద ఊరికే కూర్చున్న రోజుల్లో ఆమె ఒక్కతే అది కనిపెట్టింది.

టీ దుకాణం పక్కన కొబ్బరి బొండాల గెల ఉంది. ఒకటి కొట్టించింది. అందరూ చూస్తుండగా ఆ నీళ్లు రెండు చుక్కలు నా గాజుబిళ్ల మీద వేసి, నన్ను సూరిబాబు చేతికిచ్చింది.

“ఎంతుంది తమ్ముడూ?”

అతను చూశాడు. కన్ను తీసి, తుడుచుకుని, మళ్లీ చూశాడు. “నలభై” అన్నాడు నెమ్మదిగా.

“సముద్రం కంటే ఉప్పన. ఇప్పుడు తాగు.”

బొండం చేతికిచ్చింది. సూరిబాబు తాగాడు. సగం తాగి ఆగాడు. ముఖం తెల్లబోయింది. నన్ను మరొకసారి చూశాడు, ఈసారి దొప్పలోంచి కాదు, బయటి నుంచి. అంతమందిలో ఒక్కరు కూడా నవ్వలేదు. నాకంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు, అంత మేలూ నేనెప్పుడూ చెయ్యలేదు.

“ఆ డీజిలు వాసనని ఇది ఎన్నని చెప్పిందక్కా?” అని అడిగాడు. ‘అండి’ పోయింది, కంఠమూ తగ్గింది.

“ఉప్పనే చెప్పింది.”

సూరిబాబు వెళ్లి డ్రైవరుతో, “వద్దులే, తిప్పెయ్” అన్నాడు.

డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. “తిప్పి ఏటి చెయ్యమంటారండీ? గుంట నిండిపోయి పొంగతంది, వెనక్కి పట్టుకొస్తే లోనికి రానివ్వరు. ఎక్కడో ఒకచోట పొయ్యాలి కదండీ. ఎక్కడ పొయ్యమంటారో మీరే చెప్పండి” అని అందరి ముఖాలూ చూశాడు.

క్షణం కిందట ఆ నీళ్ల కోసం సత్యవేణిని తిట్టినవాళ్లంతా ఒక్కొక్కరే వెనక్కి నడిచి, ఎవరి చెరువు తూము దగ్గర వాళ్లు నిలబడ్డారు.